బాంబులు వదలక ముందు నిమిషం

జార్జ్ థాంప్సన్ కథ ఎవరు చెప్పినా ఒకే చోట మొదలుపెడతారు. 1945 జనవరి 1, పొద్దున. జర్మనీ మీద లాంకాస్టర్ అనే బ్రిటిష్ బాంబరు విమానం ఒకటి, అందులో వైర్‌లెస్ ఆపరేటర్ థాంప్సన్. బాంబులు వదిలిందో లేదో ఫిరంగి గుండు వచ్చి తగిలింది. అక్కణ్ణుంచి ఇక కథంతా మంటలు, సాహసం, త్యాగం. ఆయనకి మరణానంతరం బ్రిటన్‌లో సాహసానికి అత్యున్నత పతకమైన విక్టోరియా క్రాస్ ఇస్తూ ఆ ఫిబ్రవరిలో లండన్ గెజిట్ అనే సర్కారు పత్రికలో వేసిన ప్రకటనదీ అదే పద్ధతి. బాంబులు వదిలారన్న సంగతిని ఒక్క ముక్కలో దాటేసి నేరుగా మంటల్లోకి తీసుకెళుతుంది.

నా పేచీ ఆ ఒక్క ముక్కతో. యుద్ధానికి వెళ్ళి పోయిన ఊరి కుర్రాణ్ణి గుర్తుపెట్టుకోవాలనుకుంటే ఆ ముందు నిమిషాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలని నా వాదన. అలా చేస్తే మనిషి చిన్నబోతాడని చాలామందికి భయం. నాకు ఆ భయం లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ముందు ఆయన చేసిందేమిటో చెప్పాలి.

లాంకాస్టర్‌లో ఏడుగురుంటారు. పైలట్, ఫ్లైట్ ఇంజనీర్, నావిగేటర్, బాంబ్ ఎయిమర్, వైర్‌లెస్ ఆపరేటర్ ముందు భాగంలో. ఇద్దరు గన్నర్లు వెనక: ఒకరు విమానం వీపు మీద గాజు బుడగలాంటి తుపాకీ గూట్లో (దాన్నే టరెట్ అంటారు), ఇంకొకరు తోక చివరి టరెట్‌లో. వైర్‌లెస్ ఆపరేటర్ సీటు పక్కనే వేడిగాలి గొట్టం ఉండేది. మిగతావాళ్ళు చలికి గడ్డకట్టుకుపోతుంటే ఇతనికి చెమటలు పట్టేవట. తోకలో కూర్చున్నవాడిదే అందరికంటే ఘోరమైన చలి. వైర్‌లెస్ సీటు నుంచి వెనక్కి వెళ్ళాలంటే రెక్కల్ని మోసే పెద్ద లోహపు దూలం విమానం మధ్యలో అడ్డంగా ఉంటుంది. దళసరి బట్టలు, బూట్లు వేసుకుని దాన్ని ఎక్కి దాటాలి. మామూలు రోజుల్లోనే అదో ప్రయాస.

ఆ రోజు థాంప్సన్ దాన్ని దాటి వెనక్కి వెళ్ళాడు. మొదటి గుండు వీపు మీది టరెట్‌కి కాస్త ముందు తగిలి మంట అంటుకుంది, లోపలంతా పొగ. రెండో దెబ్బ ముక్కుకి తగిలింది. గాజు ఎగిరిపోయి గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకొచ్చి పొగని తోసేసింది. అప్పుడు కనబడింది అసలు సంగతి. పైలట్ నెత్తిమీది గాజు కప్పుకి పెద్ద బెజ్జాలు. మాట్లాడుకునే తీగలు తెగిపోయాయి. ఒక ఇంజను మండుతోంది. విమానం అడుగున పెద్ద చిల్లు, దాని కింద ఆకాశం. ఆ చిల్లుకి అవతల, మండుతున్న టరెట్‌లో ఎర్నీ పాట్స్ అనే గన్నరు స్పృహ తప్పి ఉన్నాడు. తుపాకీ గుళ్ళు వేడికి వాటంతటవే పేలుతున్నాయి.

థాంప్సన్ వెళ్ళి అతన్ని కిందికి లాగాడు. చిల్లు అంచు పట్టుకుని పక్కగా జరుగుతూ మంటకి దూరంగా మోసుకొచ్చాడు. బట్టలకి అంటుకున్న మంటని ఒట్టి చేతులతో అదిమి ఆర్పాడు. ముఖం, చేతులు, కాళ్ళు కాలాయి. అప్పుడు చూస్తే తోక టరెట్ కూడా మండుతోంది. అందులో హేడన్ ప్రైస్. ఈసారి కాలిన చేతులతోనే వెళ్ళాడు. అతన్నీ బయటికి లాగాడు, అతని బట్టల మంటా ఆ చేతులతోనే ఆర్పాడు.

నన్ను ఎక్కువగా ఆపేసేది దీని తరవాతి సంగతి. తీగలు తెగాయి కనక వెనక ఏం జరిగిందో పైలట్‌కి తెలీదు. ఆ కబురు చెప్పడానికి థాంప్సన్ మళ్ళీ ఆ మంటల్లోంచి, ఆ చిల్లు పక్కనుంచి, గోడలు పట్టుకుని ముందుకి వచ్చాడు. కాలిన చర్మానికి మంచుగాలి కొట్టి, దాని మీద చలికాటు కూడా మొదలైంది. కబుర్లు అందించడం వైర్‌లెస్ ఆపరేటర్ ఉద్యోగం. యంత్రం పనిచేయకపోతే తానే కబురై వచ్చాడు. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎవరో పైలట్ హ్యారీ డెంటన్ పోల్చుకోలేకపోయాడు. అప్పుడు కూడా థాంప్సన్ ధ్యాసంతా వెనక వదిలొచ్చిన ఇద్దరి మీదే.

దాదాపు నలభై నిమిషాల తరవాత డెంటన్ ఎలాగో విమానాన్ని నేల మీద దించాడు. పాట్స్ బతకలేదు. ప్రైస్ బతికాడు. థాంప్సన్ మూడు వారాలు ఆస్పత్రిలో ఉండి జనవరి 23న పోయాడు. ఇరవై నాలుగేళ్ళు. సమాధి బ్రస్సెల్స్‌లో, ఎవేర్ శ్మశానంలో ఉంది. యుద్ధంలో పోయినవాళ్ళని ఎక్కడ పోతే అక్కడే పాతిపెట్టడం అప్పట్లో బ్రిటన్ పద్ధతి. జనరల్ అయినా సిపాయి అయినా ఒకే కొలత రాయి. ఇంటివాళ్ళు ఓ చిన్న వాక్యం చెక్కించుకోవచ్చు, అరవై ఆరు అక్షరాలకి మించకుండా. కొడుకు గురించి అరవై ఆరు అక్షరాల్లో చెప్పమంటే ఏం చెబుతారో.

అంతకుముందు ఈ కుర్రాడెవరు? స్కాట్లండ్‌లో పెర్త్ జిల్లాలోని ట్రినిటీ గాస్క్ అనే చిన్న ఊళ్ళో 1920 అక్టోబర్‌లో పుట్టాడు. గ్లెన్‌ఫార్గ్, కిన్‌రాస్ వైపు పెరిగాడు. పొలం పనుల మీద బతికే ఇల్లు. చదువయ్యాక కిన్‌రాస్‌లో కిరాణా కొట్లో పని నేర్చుకున్నాడు. పప్పూ ఉప్పూ తూచి పొట్లం కట్టే చేతులు. 1940లో ఊరి కాపలా దళంలో చేరాడు, 1941లో వైమానిక దళంలో. వైర్‌లెస్ నేర్పి ఇరాక్ పంపారు. నేల మీద ఉద్యోగం, ప్రాణానికి పెద్ద ముప్పు లేదు. అక్కడే ఉండిపోతే యుద్ధం అయ్యాక ఇంటికి వచ్చి కొట్టు పెట్టుకునేవాడేమో. కానీ విమానాల్లోకి పంపమని తనంతట తానే అడిగాడు. బాంబర్లలో ఎగిరిన ప్రతి ఒక్కడూ అలా అడిగి చేరినవాడే. బలవంతంగా ఎవర్నీ ఎక్కించలేదు.

అడిగి చేరింది ఎలాంటి ఉద్యోగంలోనో చూడండి. బ్రిటన్ వైమానిక దళంలో బాంబులు వేసే విభాగం పేరు బాంబర్ కమాండ్. అందులో ఎగిరినవాళ్ళు మొత్తం 1,25,000 మంది దాకా. పోయినవాళ్ళు 55,573. అంటే నూటికి నలభై నాలుగు మంది. ముప్ఫై దాడులు పూర్తిచేస్తే ఒక విడత అయినట్టు, కొన్నాళ్ళు విశ్రాంతి. ఆ ముప్ఫై దాకా రావడమే గగనం. పోయినవాళ్ళ సగటు వయసు ఇరవై రెండు, ఇరవై మూడు. 20 వేల మందికి పైగా వైమానికులకి సమాధి కూడా లేదు, లండన్ దగ్గర రనీమీడ్ స్మారకం గోడల మీద పేర్లున్నాయి, అంతే.

మా మేనల్లుడు లింకన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు ఊరి బయట కొండ మీద ఉన్న బాంబర్ కమాండ్ స్మారక కేంద్రానికి తీసుకెళ్ళాడు. 2018లో తెరిచారు. మధ్యలో ఆకాశంలోకి లేచిన ఉక్కు శిఖరం. దాని ఎత్తు 31 మీటర్ల చిల్లర, సరిగ్గా లాంకాస్టర్ రెక్కల వెడల్పంత. చుట్టూ తుప్పు రంగు ఉక్కు గోడలు. వాటి మీద పేర్లు రాయలేదు, రేకుని కోసేశారు. అక్షరాల్లోంచి అవతలి వెలుతురు కనిపిస్తుంది. వేలు పెడితే అంచు గరుగ్గా తగులుతుంది. ఎవరో వచ్చి వాళ్ళవాళ్ళ పేరులో ఎర్రటి గుడ్డ పువ్వు దూర్చి వెళతారు. థాంప్సన్ అనే ఇంటిపేరు దగ్గర ఒకరి కింద ఒకరు ఎంతమందో. వాళ్ళలో విక్టోరియా క్రాస్ ఒక్కరిదే. మిగతా థాంప్సన్లలో చాలామంది ఎలా పోయారో చెప్పడానికి పక్కన ఎవరూ మిగిలి ఉండరు.

పతకం రావాలంటే సాహసం ఒక్కటే చాలదు, చూసినవాడు బతకాలి. కెనడా కుర్రాడు ఆండ్రూ మినార్‌స్కీ సంగతే తీసుకోండి. 1944 జూన్‌లో ఫ్రాన్స్ మీద మండుతున్న లాంకాస్టర్‌లోంచి దూకెయ్యకుండా, తోకలో ఇరుక్కున్న గన్నర్ పాట్ బ్రోఫీని విడిపించాలని ఒళ్ళు అంటుకున్నా పెనుగులాడాడు. కుదరలేదు. మినార్‌స్కీ పోయాడు. విమానం కూలినా బ్రోఫీ ఏ అద్భుతం వల్లో బతికాడు. అతను తిరిగొచ్చి చెప్తేనే లోకానికి తెలిసింది, 1946లో విక్టోరియా క్రాస్ ఇచ్చారు. బ్రోఫీ కూడా పోయుంటే? మినార్‌స్కీ ఒక పేరు, ఒక నంబరు. అందుకే పతకం ఉన్న ఒక్కణ్ణి ఎత్తి చూపి మిగతావాళ్ళని అతని వెనక వరసలో నిలబెట్టే స్మరణ అంటే నాకు చిరాకు. పాట్స్ సంగతి చూడండి. ఆయన చావు కూడా థాంప్సన్ కథలో ఒక వాక్యం అయిపోయింది.

ఆ గోడల దగ్గరే మా వాడికీ నాకూ వాదన వచ్చింది. "మావయ్యా, వీళ్ళేగా డ్రెస్డెన్‌ని కాల్చింది? హాంబర్గ్‌ని కాల్చింది? అదీకాక మనల్ని ఏలినవాళ్ళ సైన్యం. మనమెందుకు వీళ్ళకి దండం పెట్టాలి?" అన్నాడు.

వాడు అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. 1943 జూలై చివర్లో హాంబర్గ్ దాడుల్లో పోయినవాళ్ళు 35 వేలకి పైనే. 1945 ఫిబ్రవరిలో డ్రెస్డెన్‌లో 25 వేల దాకా. ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. ఊళ్ళని ఊళ్ళుగా తగలబెట్టడమే పద్ధతిగా పెట్టుకున్న రోజులవి. గురి తప్పి జరిగింది కాదు. బ్రిటన్‌కీ ఈ సంగతి తెలుసు, అందుకే యుద్ధం అయ్యాక ఈ కుర్రాళ్ళని ఎక్కడ నిలబెట్టాలో దానికి తోచలేదు. బాంబర్ కమాండ్‌కి విడిగా పతకం ఇవ్వలేదు. లండన్ గ్రీన్ పార్క్‌లో జాతీయ స్మారకం కట్టేసరికి 2012 వచ్చింది. పతకం మీద తగిలించుకునే చిన్న పట్టీ 2013లో ఇచ్చారు. అప్పటికి తీసుకోవడానికి ఎంతమంది మిగిలారు కనక.

అయితే "మనమెందుకు" అన్న ప్రశ్నకి నా దగ్గర ఒక జవాబుంది, అది వాడికి అంతగా నచ్చలేదు. యుద్ధం ప్రకటించిన మర్నాడు, 1939 సెప్టెంబర్ 4న, జర్మన్ యుద్ధనౌకల మీద బాంబులు వేయడానికి విల్హెల్మ్స్‌హావెన్ వైపు వెళ్ళిన బ్రిటిష్ దళాల్లో ముందున్న దాని పేరు 110 హైదరాబాద్ స్క్వాడ్రన్. మన హైదరాబాదే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ దళానికి విమానాలు కొనిపెట్టింది మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. 1918లో అవి ఫ్రాన్స్ నుంచి లేచి జర్మన్ పట్నాల మీద బాంబులు వేశాయి. ఒక్కో విమానం మీద నిజాం గారి కానుక అని రాసి ఉండేది. అలాంటిదొకటి జర్మన్లకి చిక్కి, బెర్లిన్, పోలండ్ తిరిగి చివరికి బ్రిటిష్ వైమానిక దళ మ్యూజియం చేరింది. నిజాం సొమ్మంటే ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. తెలంగాణలో, మరాఠ్వాడాలో రైతు కట్టిన శిస్తు. ఆ రైతుని ఎవరూ అడగలేదు నిజమే. కానీ బాంబర్ల కథలో మనం గోడ అవతల నిలబడి చూసినవాళ్ళం మాత్రం కాదు.

1939 నాటి ఆ దాడిలో హైదరాబాద్ దళం ఐదు విమానాల్లో ఒకటి పోయింది. దాని వెంట వెళ్ళిన 107 దళం ఐదులో నాలుగు పోయాయి. ఆ 107 దళంలో పోయిన ఒక పైలట్ బ్రయాన్ లైటోలర్, టైటానిక్ మునిగినప్పుడు బతికి బయటపడ్డ రెండో అధికారి చార్లెస్ లైటోలర్ చిన్న కొడుకు. యుద్ధానికి ఇంకా రెండో రోజు.

బాంబులు పడే వైపు కూడా మనం ఉన్నాం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. హాంబర్గ్‌తో పోల్చేంతది కాదు. కానీ జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పరుగులు తీశారు. ఆ విమానాలు నడిపిన జపాన్ కుర్రాళ్ళకీ ఏదో ఊరుంటుంది, ఏదో గుడి ముందు వాళ్ళ పేర్లూ ఉంటాయి.

ఇప్పుడు ఆ ముందు నిమిషానికి వస్తాను. థాంప్సన్ విమానం ఆ పొద్దున బాంబులు వదిలింది ఒక కాలువ మీద. డోర్ట్‌ముండ్-ఎమ్స్ కాలువ. రూర్ గనుల బొగ్గు, ఫ్యాక్టరీల సరుకు పడవల మీద పోయే దారి. లాడ్‌బెర్గెన్ అనే పల్లె దగ్గర ఆ కాలువ చుట్టూ ఉన్న నేల కంటే ఎత్తులో, కట్టల మధ్య పోతుంది. కట్ట తెగితే నీళ్ళన్నీ పొలాల్లోకి పోతాయి, పడవలు బురదలో కూర్చుంటాయి. కట్ట తెగితే ఏమవుతుందో గోదావరి జిల్లాలవాళ్ళకి, కృష్ణా డెల్టావాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. 1944 సెప్టెంబర్‌లో తెంచారు. జర్మన్లు పూడ్చారు. నవంబర్‌లో మళ్ళీ తెంచారు, మళ్ళీ పూడ్చారు. జనవరి 1న నూటికి పైగా లాంకాస్టర్లు వెళ్ళాయి, రెండు తిరిగి రాలేదు.

యుద్ధంలో ఇంతకంటే న్యాయమైన గురి దొరకడం కష్టం. ఒక కాలువ. బొగ్గు ఆగితే ఫ్యాక్టరీ ఆగుతుంది, ఫ్యాక్టరీ ఆగితే టాంకు ఆగుతుంది. అవతల ఉన్నది ఆష్విట్జ్ మరణశిబిరం నడిపిన రాజ్యం. అది ఓడిపోవాల్సిందే, దాన్ని ఓడించడానికి ఎవరో ఒకరు ఎగరాల్సిందే. ఈ విషయంలో నాకు ఊగిసలాట లేదు. అయినా వెయ్యి పౌండ్ల బాంబు కాలువని మాత్రమే చూసుకుని పడదు. పక్కన పల్లె ఉంది. నాజీ జర్మనీ ఇలాంటి మరమ్మతు పనులకి దేశదేశాల నుంచి పట్టుకొచ్చిన కూలీల్ని వాడేది. థాంప్సన్ ఎవర్ని విడిపించడానికి వెళ్ళాడని మనం చెప్పుకుంటామో, వాళ్ళలో కొందరు ఆ బాంబుల కిందే ఉండొచ్చు. ఇది ఆయన తప్పు అని నేననను. బాంబు మీట నొక్కింది కూడా ఆయన కాదు. కానీ ఏడుగురూ కలిసి నడిపితేనే ఆ విమానం అక్కడికి వెళుతుంది. తాను దేన్ని మోసుకెళ్తున్నాడో ఆయనకి తెలుసు. తెలిసి వెళ్ళిన మనిషిని ఏమీ తెలియని పసివాడిలా గుర్తుపెట్టుకోవడమే ఆయనకి చేసే అవమానం.

మన వీరగల్లులు చెక్కినవాళ్ళకి ఈ మొహమాటం లేదు. తెలుగు పల్లెల్లో పొలం గట్ల మీద, గుడి పక్కన పసుపు పూసి ఉండే ఆ రాళ్ళని తీరిగ్గా చూడండి. చాలావాటిలో మూడు అంతస్తులుంటాయి. పైన కైలాసం, శివలింగం ముందు కూర్చున్న వీరుడు. మధ్యలో అతన్ని తీసుకెళుతున్న అప్సరసలు. అందరి చూపూ అటే పోతుంది. కానీ అన్నిటికంటే కింద కొట్లాట ఉంటుంది: బాణాలు, గుర్రం, కత్తి, కొన్ని రాళ్ళ మీద ఊరి నుంచి తోలుకుపోతున్న ఆవులు. చంపుతున్న వీరుడూ ఉంటాడు, చస్తున్న వీరుడూ ఉంటాడు, కొన్నిట్లో అతని కాళ్ళ కింద పడ్డ అవతలివాడూ ఉంటాడు. కింది అంతస్తు చెక్కకుండా పైది చెక్కితే ఆ రాయికి అర్థమే లేదు. అది చూసి ఊరివాళ్ళు దండం పెట్టడం మానలేదు. కారెంపూడిలో ఇప్పటికీ ఏటా కార్తీకంలో పల్నాటి వీరుల్ని తలుచుకుంటున్నారు. అన్నదమ్ముల కొట్లాట అని తెలిసే తలుచుకుంటున్నారు.

ఇవాళ మనం కట్టుకునే స్తూపాల్లో ఆ కింది అంతస్తు మాయమైపోయింది. బ్రిటన్ పల్లెల్లో చర్చి పక్కన రాతి శిలువ మీద పేరు, హోదా. మన దగ్గరా అంతే. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం సంగతి చాలామందికి తెలుసు, మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఇంటింటి నుంచీ సైన్యానికి వెళ్ళిన ఊరు. అలాంటి ఊరికి వెళ్ళి ఒక పెద్దాయన్ని కూచోబెట్టి అడిగితే చెప్తారు: ఏ తాత ఎక్కడికి వెళ్ళాడు, ఎవరితో పోరాడాడు, ఎందుకు వెళ్ళాడు, ఇంట్లో తిండి లేక వెళ్ళాడా, అన్న వెళ్ళాడని వెళ్ళాడా. రాయి మీద ఇవేమీ ఉండవు. ఆ పెద్దాయన పోతే ఆ కింది అంతస్తు పోయినట్టే.

గ్రీన్ పార్క్ స్మారకం ఈ విషయంలో కాస్త నయం. ఏడుగురు కుర్రాళ్ళ కంచు విగ్రహాలు పెట్టి, లోపల గోడ మీద ఆ బాంబుదాడుల్లో అన్ని దేశాల్లో చనిపోయినవాళ్ళని కూడా ఇది స్మరిస్తుందని ఒక వాక్యం చెక్కారు. ఒక్క వాక్యమే. ఎవరో పట్టుబట్టి పెట్టించినట్టుంటుంది. అయినా ఉంది. మరి ఊరి రాయి మీద ఎందుకు ఉండకూడదు? "జార్జ్ థాంప్సన్, కిరాణా కొట్టు కుర్రాడు, వైర్‌లెస్ ఆపరేటర్. లాడ్‌బెర్గెన్ కాలువ మీద బాంబులు వేసి వస్తూ, తోటివాళ్ళని మంటల్లోంచి తీసి పోయాడు." ఇంతకంటే ఏం రాయక్కర్లేదు. మంచా చెడా అన్న తీర్పు రాయి చెప్పనవసరం లేదు, చదివినవాడు చూసుకుంటాడు. అరవై ఆరు అక్షరాల్లో పట్టదు, ఆ మాట ఒప్పుకుంటాను.

మా వాడు తేలిగ్గా వదిలే రకం కాదు. కారెక్కాక మళ్ళీ ఎత్తుకున్నాడు. "సరే మావయ్యా, మరి జర్మన్ పల్లెల్లో కూడా పోయిన పైలట్ల పేర్లున్నాయిగా. 1940 నవంబర్ 14 రాత్రి ఇంగ్లండ్‌లో కవెంట్రీని తగలబెట్టి 500 మందికి పైగా చంపినవాళ్ళూ ఏదో ఊరి కుర్రాళ్ళే. వాళ్ళకీ ఇదే పద్ధతా? వాళ్ళలోనూ పక్కవాణ్ణి మంటల్లోంచి లాగినవాడు ఉండే ఉంటాడు."

ఉండే ఉంటాడు. వాళ్ళకీ ఇదే పద్ధతి అన్నాను. పేరు ఉండనీ, తల్లి ఏడవనీ, పక్కవాణ్ణి లాగిన సంగతీ చెక్కనీ. పక్కనే కవెంట్రీ అని కూడా చెక్కాలి, ఎవరి కోసం వెళ్ళాడో అదీ చెక్కాలి. హిట్లర్ కోసం అని చెక్కాల్సి వస్తే అలాగే చెక్కాలి. "అలా చెక్కించుకునే తల్లి ఉంటుందా?" అన్నాడు వాడు. తల్లి ఉండదు. అందుకే ఆ పని మనవలకి పడుతుంది అన్నాను. వాడు గేరు మార్చి, దారిలో టీ ఎక్కడ బాగుంటుందో వెతకడం మొదలుపెట్టాడు.